అరమాత్ర డాక్టరు

పోయిన నెల నాకు వరుసగా నాలుగైదు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. జమ్మలమడుగులో మా వీధి మలుపులో కొత్తగా పెట్టిన క్లినిక్కుకు పోయాను. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడే. "నిద్ర లేదు నాయనా" అన్నాను. "వయసమ్మా" అని తల ఎత్తకుండానే చీటీ రాసి ఇచ్చాడు. మందుల షాపులో చూపిస్తే ముప్పై మాత్రలు నా చేతిలో పెట్టారు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాను. షాపాయన బెదిరిపోయాడు.

"ఏమైందమ్మా? నీళ్లు తెమ్మంటావా?"

"ఏం లేదప్పా. నిద్రమాత్రలు ముప్పయ్యీ ఒక్కసారే చేతికిస్తిరి. మా సారు బతికుంటే మిమ్మల్నిద్దర్నీ ఈ బెంచీ ఎక్కించేవాడు" అన్నాను.

మా సారంటే ప్రొద్దుటూరు డాక్టరు. ఆయన దగ్గర నేను పన్నెండేళ్లు నర్సుగా పనిచేశాను. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆయన దగ్గర చేరాను. ఆయనకు మంచి పేరే ఉండేది కానీ ఆ పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఊరంతా ఆయన్ని అరమాత్ర డాక్టరనే అనేది. జబ్బు ఎంత పెద్దదైనా, రోగి ఎంత పెద్దవాడైనా, నిద్రకో పిచ్చికో మందు ఇవ్వాల్సి వస్తే ఆయన మాత్రను సగానికి విరిచి మొదలుపెట్టేవారు. విరిచేందుకు చిన్న కత్తి ఒకటి కోటు జేబులో ఉండేది. మిగిలిన సగాన్ని కాగితంలో చుట్టి నాకిచ్చి, "ఇది రేపటి ఆలోచన సిస్టరమ్మా" అనేవారు.

పొడుగాటి మనిషి. పంచె మీద కోటు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నంతసేపు రోగి చెప్పేది వింటున్నారని అర్థం. అవి ముక్కు మీదికి దిగితే చీటీ రాస్తారని అర్థం. వాకిట్లో కూర్చున్న జనం ఆయన మొహం చూసేవాళ్లు కాదు, అద్దాలనే చూసేవాళ్లు. "ఇంగా నెత్తిమీదనే ఉండాయి, మన వంతు ఇప్పట్లో రాదులే" అని బీడీ తాగడానికి లేచిపోయేవాళ్లు.

ఒకసారి ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. ఊళ్లో మాట చెల్లుబాటయ్యే మనిషి.

"నిద్ర ల్యాదు సార్. మంచి మాత్ర రాయి. గట్టిది."

అద్దాలు పైకి పోయాయి. "దినానికి ఎన్ని కాఫీలు తాగుతావప్పా?"

"మూడు."

"మీ ఇంట్లో ఆయమ్మను అడిగితే ఎన్ని చెప్తాది?"

వ్యాపారి కాసేపు ఆలోచించాడు. "ఎనిమిది."

"పగలు పండుకుంటావా?"

"యాడ సార్, నాకంత తీరిక యాడిది? అన్నం తిని ఊరికే అట్ల వొరుగుతా."

"ఎప్పుడు లేస్తావు?"

"ఐదింటికి కాఫీ ఇచ్చి లేపుతారు."

"నిద్రంతా పగలే అయిపోతాంది గదప్పా! ఇంగ రాత్రికి యాడ నుంచి తెచ్చియ్యమంటావు?" అని మా సారు నిజంగానే బాధపడుతూ అడిగారు. వ్యాపారికి కాఫీలు రెండుకు తగ్గించమనీ, పగలు ఒరగొద్దనీ, సాయంత్రం పెన్నా దాకా నడిచి రమ్మనీ చెప్పి పంపారు. మందు ఇవ్వలేదు. అతను నాలుగు రోజులు నడిచి, దారిలో మా వాకిట్లో ఆగి తిట్టిపోయాడు. ఐదో రోజు నుంచి తిట్టడానికి రాలేదు. నిద్రపోయి ఉంటాడు.

మందు ఇవ్వక తప్పనివాళ్లకు ఇంకో పరీక్ష ఉండేది. "తాగుతావా?" అని అడిగేవారు. అవి మద్యనిషేధం రోజులు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "అయ్యో, ప్రొహిబిషన్ గద సార్!"

"గవర్మెంటు సంగతి నేనడగల. నీ సంగతి అడుగుతాండా."

"దొరికితే గద సార్ తాగేది."

"దొరికిన దినం మాత్ర మింగొద్దు. మాత్ర మింగిన దినం దొరికినా తాగొద్దు. రెండూ కలిస్తే పండుకున్నోడివి పండుకున్నట్టే పోతావు. ఊపిరి మర్చిపోతావు" అని చెప్పి, అతని చేతే ఆ మాట మూడుసార్లు పలికించేవారు. వాకిట్లో నలభై మంది వింటుండగా పెద్ద పెద్ద మనుషులు "దొరికిన దినం మాత్ర మింగను" అని వల్లె వేయడం ప్రొద్దుటూరులో ఒక వేడుక.

ఇంకో నియమం, రోగి మొహం చూడకుండా నిద్రమందు ఇవ్వకూడదు. పెద్దముడియం పక్క నుంచి ఒకాయన వచ్చి, "మా అత్త శానా మాట్లాడతాది సార్. ఏదన్నా మాత్ర ఇయ్యి, మజ్జిగలో కలిపిస్తా" అన్నాడు. ఆమెను పిలుచుకొని రమ్మన్నారు మా సారు. తెచ్చాడు. ఆమె గంటసేపు మాట్లాడింది. అద్దాలు నుదుటి మీది నుంచి ఒక్కసారి కూడా దిగలేదు. అయిపోయాక ఆయన అల్లుడి వైపు తిరిగి, "ఈయమ్మ చెప్పిన దాంట్లో అబద్ధం యాడుందో చెప్పు, అంతవరకు మందిస్తా" అన్నారు. అల్లుడు చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. అత్త మాత్రం మా సారుకు ఆ సంవత్సరమంతా కొర్రలు పంపింది.

మొదట్లో మా దగ్గర ఉన్న మందులు కొన్నే. బ్రోమైడు నీళ్లు, ఫినోబార్బిటోను మాత్రలు, మరీ అదుపు తప్పినవాళ్లకు పేరాల్డిహైడు. ఆ చివరిది రోగిని నిద్రపుచ్చేది కానీ, దాని వాసనకు మాకు రెండు రోజులు అన్నం తినబుద్ధయ్యేది కాదు. అప్పుడు వచ్చింది క్లోర్‌ప్రోమజీను. కంపెనీ మనిషి టై కట్టుకుని వచ్చి, పిచ్చికి ఇంతవరకూ లేని మందు అనీ, మనుషులను నిద్రపుచ్చకుండానే నెమ్మది పరుస్తుందనీ అరగంట ఉపన్యాసమిచ్చి నమూనా మాత్రలు పెట్టి పోయాడు.

మరునాడు మా సారు ఆ మాత్రను పొద్దు పొడిచే వేళ కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశారు. తర్వాత మింగేశారు. నేను నోరు తెరిచేలోపే నీళ్లు కూడా తాగేశారు.

"ఏంది సార్ ఇది!"

"జనానికి ఇయ్యబోతాండాం గదా, ఎట్లుంటాదో తెలియొద్దా? నేను చెప్పేదంతా రాసుకో సిస్టరమ్మా."

రాసుకున్నాను. మొదటి అరగంట: ఏమీ లేదు. తర్వాతి అరగంట: నోరు ఎండిపోతాంది. ఆ తర్వాత: కంపెనీ ఆయప్ప అబద్ధం చెప్పినాడు, నిద్ర వస్తాంది. దాని తర్వాత: సిస్టరమ్మా, నీవు శానా మంచిదానివి. ఆ పైన నా రాతలో 'గురక' అని మాత్రమే ఉంది.

వాకిట్లో జనం పెరిగారు. పదకొండు గంటలకు ఎవరో గట్టిగా దగ్గితే ఆయన ఉలిక్కిపడి లేచి, "ఎవరప్పా ముందు?" అంటూ ఒక్కసారిగా నిలబడ్డారు. నిలబడిన మనిషి అట్లే ముందుకు ఒరిగి, మొదటి వరసలో కూర్చున్న ముసలి దర్జీ ఒడిలో పడ్డారు. "యా అల్లా! డాక్టర్ సాబ్‌కు డాక్టర్‌ను పిలవండి!" అని ఆయన కేక పెట్టాడు. మొహాన నీళ్లు చల్లి, కాళ్లు ఎత్తి పట్టుకుంటే రెండు నిమిషాల్లో తేరుకున్నారు. కళ్లు తెరిచి మొదట అన్న మాట, "రాసుకో సిస్టరమ్మా, లేస్తానే రక్తపోటు పడిపోతాది."

అది తెలివితక్కువ పని అని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. కానీ ఆ రోజు నుంచి ఆ మాత్ర తీసుకునే ప్రతివాడికీ ఒక ఆజ్ఞ ఉండేది. పడుకున్నవాడు దిగ్గున లేవకూడదు. మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, దేవుడి పేరు వందసార్లు తలచుకుని అప్పుడు నిలబడాలి. ఏ దేవుడైనా పరవాలేదు. దర్జీ కొడుకు అల్లాను తలచుకునేవాడు, మా చర్చి సంఘంలో ఒకామె యేసయ్యను తలచుకునేది. ఒక కమ్యూనిస్టు రైతు మాత్రం, "నేను ఏ దేవున్నీ తల్చను సార్, సిద్ధాంతం" అన్నాడు. మా సారు బాగా ఆలోచించి, "అట్లయితే పదిహేడో ఎక్కం చెప్పుకో. రాకుంటే ఇంగా మంచిది, శానాసేపు పడతాది" అన్నారు.

ఆ మందు వేసుకున్నవాళ్లకు ఎండ సరిపడదు. చర్మం కమిలిపోతుంది. మా కడప జిల్లాలో ఎండకు పోవద్దని చెప్తే బతకొద్దని చెప్పినట్టే. అందుకని ఆయన చీటీలో మాత్ర కింద 'గొడుగు ఒకటి' అని రాసేవారు. మందుల షాపువాళ్లు మొదట బిత్తరపోయారు. ఏడాది తిరిగేసరికి చేలో గొడుగు వేసుకుని కలుపు తీసే మనిషి కనిపిస్తే దారిన పోయేవాళ్లు, "అరమాత్రోళ్లు" అని గుర్తుపట్టేవాళ్లు. దానివల్ల ఒక చిక్కు వచ్చింది. షోకుగా నల్లగొడుగు పట్టుకుని తిరిగే బజారు పెద్దమనుషులు గొడుగులు ఇంట్లో పెట్టి ఎండలో మాడడం మొదలుపెట్టారు.

ఇంత జాగ్రత్త మనిషి కదా, ఈయన చేతిలో తప్పు జరగదనుకునేదాన్ని. జరిగింది. నాకు ఆయన బాగా అర్థమయింది అప్పుడే.

రాజధాని హైదరాబాదుకు మారిన కొత్తల్లో, పులివెందుల పక్క పల్లె నుంచి ఒక అన్న తన తమ్ముణ్ణి తాడుతో కట్టి బస్సులో తెచ్చాడు. తమ్ముడి పేరు ఓబులేసు. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఎనిమిదో తరగతి దాకా చదివాడు, దస్తూరి ముత్యాల్లా ఉండేది. ఉన్నట్టుండి తాను కలెక్టరునన్నాడు. ఊళ్లో బస్సు ఆగే చోట బండమీద కూర్చుని అర్జీలు తీసుకునేవాడు. కాగితాల మీద ఉత్తర్వులు రాసి శిస్తులు మాఫీ చేసేవాడు, రోడ్లు మంజూరు చేసేవాడు, నచ్చని అయ్యవార్లను బదిలీ చేసేవాడు. జనం నవ్వుకుంటూ అర్జీలు ఇచ్చేవాళ్లు. అయితే నెలరోజులుగా అతనికి నిద్ర లేదు, తిండి లేదు. లేచి నిలబడనివాళ్లను కొట్టబోయేవాడు. చివరికి, తనకు సలాము చేయలేదని వస్తున్న బస్సుకు ఎదురుగా పోయి నిలబడ్డాడు. డ్రైవరు గట్టివాడు కాబట్టి బతికాడు.

"మనిషికి తాడేందప్పా? విప్పు" అన్నారు మా సారు.

"విప్పితే పోతాడు సార్" అన్నాడు అన్న. అతని అరచేతులు తాడు లాగి లాగి బొబ్బలెక్కి ఉన్నాయి.

"యాడికి పోతాడు? ఈడ నేనుండా, సిస్టరమ్మ ఉండాది, వాకిట్లో ఊరంతా ఉండాది. విప్పు."

ఓబులేసు మణికట్లు రుద్దుకుంటూ గదంతా కలయచూశాడు. "ఈ ఆసుపత్రికి పర్మిషన్ ఎవరిచ్చినారు?"

"ఆ సంగతి తర్వాత మాట్లాడుదాం. నీవు నిద్రపోయి ఎన్ని దినాలైంది నాయనా?"

"జిల్లా అంతా నా నెత్తిన ఉండాది. నిద్ర యాడిది?"

"నిజమే, కష్టమే" అన్నారు మా సారు. తర్వాత నేను అడిగాను, "సార్, ఆయన కలెక్టరని ఒప్పుకున్నట్టే కదా?" అని. "నేను ఒప్పుకోల, కాదనల. నిద్రపోయినావా అని అడిగినా. నిద్రపోయి లేచినాక ఎవరైందీ ఆయనే చెప్తాడు" అన్నారు.

వెనక గదిలో మూడు వారాలు పెట్టుకున్నాం. మాత్రను విరిచి సగంతో మొదలు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూసేవారు. కామెర్లతో కళ్లు పచ్చబడుతున్నాయేమోనని రోజూ వెలుగులో రెప్పలు ఎత్తి చూసేవారు. కొద్దికొద్దిగా పెంచారు. ఓబులేసు నిద్రపోయాడు, తిన్నాడు. పన్నెండో రోజు తన జేబులోని ఉత్తర్వుల కాగితాలు తీసి చదువుకుని, "ఇవి ఎవరు రాసినారమ్మా?" అని నన్నడిగాడు. "నీవేనప్పా" అన్నాను. మళ్లీ చదివాడు. "రాత బాగుండాది" అన్నాడు సిగ్గుపడుతూ.

పొద్దున ఒకటి, పడుకునే ముందు రెండు. పదిహేను రోజులకొకసారి రావాలి. అట్లా ఇంటికి పంపాం. రెండుసార్లు వచ్చాడు, బాగున్నాడు. మూడోసారి అన్న ఒక్కడే వచ్చాడు.

ఆ ఏడు తొలకరి పడగానే ఊరంతా చలిజ్వరాలు. వాకిట్లోనే కాదు, రోడ్డు మీద కూడా జనం. మా సారు రెండు రోజులుగా కూర్చుని అన్నం తినలేదు.

"వాడేడి?" అన్నారు తల ఎత్తకుండా.

"శానా బాగుండాడు సార్. విత్తనం పనులు గదా, రాల్యాకపోయినాడు. నోట్లో నుంచి మాటే రాదు, అంత మంచోడైపోయినాడు."

ఆ మాట వినగానే అద్దాలు నుదుటి మీదికి పోవాల్సింది. పోలేదు. నెలకు సరిపడా రాసిచ్చారు. పదిహేను రోజులకే అన్న మళ్లీ వచ్చి, మాత్రలు వానకు తడిసి పిండైపోయాయన్నాడు. ఈసారి సారుదాకా పోకుండా నేనే లెక్కపెట్టి ఇచ్చాను. ఆ తర్వాత ఇంకోసారి కూడా ఇట్లే జరిగింది.

ఒక మధ్యాహ్నం ఓబులేసు తల్లి వచ్చింది. పొట్టి మనిషి. కొడుకును చేయి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. ఓబులేసు అడుగులు జరుపుకుంటూ వచ్చాడు. మొహంలో కదలిక లేదు. నోటి మూల నుంచి చొంగ కారుతోంది. చేతులు దారం పేనుతున్నట్టు వణుకుతున్నాయి. ఆమె కొడుకును మా సారు ఎదురుగా బల్లమీద కూర్చోబెట్టి, నిలబడే మాట్లాడింది.

"అప్పా, నేను నీకిచ్చింది కొడుకును. నీవు నాకిచ్చింది దుంగను. వాడు నన్ను అమ్మా అని పిల్చి నలభై దినాలైంది. కలెక్టరయితే కానీ, నాకేం కష్టంల్యా. అప్పుడు పొద్దున్నే నా శిస్తు మాఫీ చేస్తాండె, నన్ను కూచోమంటాండె. నాకు వాణ్ణే ఇయ్యి."

మా సారు లేచి వచ్చి ఓబులేసు ముంజేయి పట్టుకుని మెల్లగా వంచి చూశారు. చేయి పళ్లచక్రంలా ఆగి ఆగి వంగింది. "ఇంట్లో ఎన్ని వేస్తాండారమ్మా?" అన్నారు. ఆమె వేళ్లు ముడిచి చూపించింది. మేము చెప్పినదానికి రెట్టింపు.

నేను ఉండబట్టలేక, "వాళ్లన్న చేసిన పని సార్ ఇది. తడిసినాయని అబద్ధం చెప్పి తీసుకుపోయినాడు" అన్నాను.

"మొగం చూడకుండా మందిచ్చినోడు ఎవరు సిస్టరమ్మా? నేను. వాళ్లన్న డాక్టరు కాదు గదా, వానికేం తెలుస్తాది" అన్నారు. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది కానీ అద్దాలు చేతిలోకి తీసుకుని తుడుస్తూనే ఉన్నారు. "ఈయప్ప కార్డు తీ. నేను చెప్పినట్టు రాయి. రెండు నెలలు రోగిని చూడకుండా మందిచ్చినాను, తప్పు నాది."

రాశాను. కింద సంతకం చేశారు. తర్వాత ఆ తల్లి ఎదురుగా నిలబడి, ఆ రాసింది చదివి వినిపించారు. డాక్టరు తప్పు ఒప్పుకోవడం ఆమె ఎన్నడూ విని ఉండదు. "సరేలేప్పా, నీవూ మనిషివే గదా" అంది.

ఒక్కసారిగా మాన్పిస్తే పాత జబ్బు విరుచుకుపడుతుంది. మెల్లగా తగ్గించాలి, తగ్గించేటప్పుడు కళ్లతో చూడాలి. అన్నను నమ్మేది లేదు, కొడుకును బస్సులో తిప్పే ఓపిక తల్లికి లేదు. అందుకని ప్రతి ఆదివారమూ తానే వాళ్ల పల్లెకు పోతానన్నారు మా సారు. ఇది ఎంత పెద్దమాటో తెలియాలంటే ఒక సంగతి తెలియాలి. ఆయనకు బస్సు పడదు. ఎర్రగుంట్ల దాకా నిమ్మకాయ వాసన చూస్తూ ఎట్లో కూర్చునేవారు. ముద్దనూరు దాటితే కిటికీలో నుంచి తల బయటే.

"సార్, ఆదివారం నాకు చర్చి ఉంటుంది" అన్నాను.

"బస్సులో ప్రార్థన చేసుకోమ్మా. నాకోసరం కూడా చెయ్యి."

నిజంగానే చేశాను. ఆ బస్సులో ఆయన్ను చూస్తే ఎవరైనా చేస్తారు. ఒకసారి కండక్టరు జాలిపడి, "సార్, డాక్టరై ఉండి మీరే ఒక మాత్ర మింగి ఎక్కరాదా?" అన్నాడు. "నేను మింగి తూగుతా పోతే ఆడ రోగికెంత ఇయ్యాల్నో నాకెవరు చెప్తారప్పా?" అని మళ్లీ తల బయట పెట్టారు.

మొదటి ఆదివారం అన్నను పక్కకు పిలిచి మాట్లాడారు. నేను కేకలు వినబడతాయనుకున్నాను. వినబడలేదు. అన్నే ఏడ్చాడు. "మళ్లా బస్సుకు అడ్డంపోతాడని భయం సార్. ఒకటికి నెమ్మదైనాడు గదా, రెండేస్తే ఇంగా నెమ్మదైతాడనుకుంటి. కట్టేసి కట్టేసి నా వల్ల కాల్యా."

"నీ భయం తప్పు కాదప్పా. నాకు చెప్పకపోయేది తప్పు" అన్నారు మా సారు. ఆ రోజు నుంచి మాత్రలు తల్లి చేతికి. ఆమెకు చదువు రాదు. వారానికి సరిపడా మాత్రలు తెల్ల గుడ్డలో ఏడు ముడులు వేసి నేను ఇచ్చేదాన్ని. రోజుకో ముడి విప్పేది. ఆదివారానికి ఉత్త గుడ్డ మాకు చూపించేది.

నాలుగో ఆదివారం మా సారు బస్సు దిగి, పాలిపోయిన మొహంతో వాళ్ల అరుగు మీద కూలబడ్డారు. ఓబులేసు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చేతుల వణుకు తగ్గింది కానీ ఇంకా మాట లేదు. ఆయన్నే చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నోరు తెరిచి, "బస్సు పడదా నీకు?" అన్నాడు.

మా సారు తల ఎత్తారు. "పడదు నాయనా" అన్నారు.

"మజ్జిగ తేమ్మా, సారుకు" అన్నాడు ఓబులేసు లోపలికి చూసి.

లోపల ఏదో గిన్నె కింద పడింది. నలభై రోజుల మీద ఇంకో నాలుగు వారాల తర్వాత కొడుకు అమ్మా అన్నాడు. ఆమె మజ్జిగ తెచ్చింది కానీ, ఉప్పు వేయడం మరిచి చక్కెర వేసి తెచ్చింది. మా సారు ఒక్క చుక్క మిగల్చకుండా తాగారు.

ఇంకా తగ్గించుకుంటూ పోయాం. ఒక చోట ఆపారు మా సారు. అక్కడ ఓబులేసు నిద్రపోతాడు, సేద్యం చేస్తాడు, నవ్వుతాడు. ఒక ఆదివారం ఆయన అడిగారు, "ఇప్పుడు ఆ కలెక్టరు యాడుండాడు నాయనా?"

ఓబులేసు అన్న వింటున్నాడేమోనని చూసుకుని గుసగుసగా చెప్పాడు. "పొద్దున కాసేపు వస్తాడు సార్. సద్ది తిన్నాక పోతాడు."

అన్న విననే విన్నాడు. "ఇంగా వస్తాండాడా! ఇంగొక అర పెంచండి సార్, మొత్తానికి పోతాడు."

"ఎవరినన్నా కొడతాండాడా?"

"ల్యా."

"బస్సుకు అడ్డం పోతాండాడా?"

"ల్యా సార్."

"పొద్దున కాసేపు వచ్చి సద్దికి పోయేవాడు ఎవరికేం చేసినాడప్పా? ఉండనీ. వాణ్ణి తరమాలంటే ఇంకో అర వెయ్యాల. ఆ అరతో వీడు కూడా పోతాడు."

ఆ తర్వాత ఓబులేసే నెలకొకసారి బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చేవాడు. మరుసటి ఏడు ఒకసారి రావాల్సిన రోజుకన్నా ముందే వచ్చాడు. తెల్లచొక్కా, తల దువ్వుకుని ఉన్నాడు. అసలు కలెక్టరు పులివెందులకు క్యాంపు వచ్చాడట. వాళ్ల వీధికి మంచినీళ్ల బావి కావాలని అర్జీ రాసుకుని, గంటసేపు వరసలో నిలబడి ఇచ్చి వచ్చాడట.

మా సారు అద్దాలు పైకి తోసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "సంతకం ఏమని పెట్టినావు?"

"ఓబులేసు, రైతు అని."

"ఆయనేమన్యాడు?"

"విచారిస్తాం అన్యాడు. మా ఊరోళ్లు నన్ను తిడతాండారు సార్. నువ్వు కలెక్టరుగా ఉన్నప్పుడు అడిగిన తక్షణం శాంక్షను చేస్తాంటివి, ఈయన సూడు విచారిస్తాడంట అని."

మా సారు నవ్వు ఆపుకున్నారు. "ఆయన్ని చూస్తే నీకేమనిపించె?"

ఓబులేసు బాగా ఆలోచించాడు. "పాపం, ఆయనకూ నిద్ర ల్యాదు సార్. కండ్లు ఎర్రగా ఉండాయి. ప్రొద్దుటూరులో మంచి డాక్టరుండాడు, ఒకసారి చూపిచ్చుకోండి సార్ అని చెప్పి వచ్చినా."

మా సారు నవ్విన నవ్వుకు వాకిట్లో జనం లేచి లోపలికి తొంగి చూశారు. నవ్వుతూనే పోయి తలుపు వేశారు. వేసి, గోడ వైపు తిరిగి కోటు చేతితో కళ్లు తుడుచుకున్నారు.

కలెక్టరు మా దగ్గరికి రాలేదు కానీ బావి మంజూరైంది. ఎండాకాలం చివర్లో ఓబులేసు తల్లి చెంబు మూతికి గుడ్డ కట్టి, ఆ బావి నీళ్లు మాకోసం పల్లె నుంచి తెచ్చింది. బస్సు కుదుపులకు సగం పైన ఒలికిపోయాయి. మా సారు గ్లాసులో పోయించుకుని నిలబడి తాగారు. నేనూ ఒక గుక్క తాగి చూశాను. ఉప్పునీళ్లు. ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఎట్లుండాయప్పా?"

"ఇంగో గ్లాసు పొయ్యమ్మా" అన్నారు మా సారు.